రెండు వరుసల రాత

గది తలుపు మూసుకుని పావుగంటయింది. లోపల అమ్మ ఉంది, డాక్టరమ్మ ఉంది, ఇద్దరి మధ్య బల్ల మీద నీలం అట్ట వేసిన బడి రిపోర్టు పుస్తకం ఉంది. వుర్యాణి బయట కూర్చుంది. ఆ గది ముందున్న బెంచీ మీద మాత్రం కాదు, నాలుగు గుమ్మాలు దాటి, కంటి విభాగం బెంచీ మీద. ఆ గది ముందు కూర్చుంటే నెత్తిమీద ‘జివా’ అని బోర్డు ఉంటుంది. మనసు చెడినవాళ్ళు వెళ్ళే చోటది అని పెకలోంగన్ ఊళ్ళో చదువొచ్చినవాళ్ళందరికీ తెలుసు, రానివాళ్ళకి ఇంకా బాగా తెలుసు. అదే కంటి విభాగం ముందు కూర్చుంటే, చూసినవాళ్ళు కళ్ళకోసం వచ్చిందనుకుంటారు. నలభై మూడేళ్ళ దర్జీ మనిషికి చూపు మందగించిందంటే అది పరువైన జబ్బు, పదిమందిలో చెప్పుకోదగ్గ జబ్బు, అయ్యో పాపం అని ఒకరిద్దరు మునగాకు తినమని సలహా కూడా ఇస్తారు. ఇంత ఆలోచించిన మనిషి, ఇక్కడ కూర్చుంటే తన పేరు పిలిచినప్పుడు వినబడుతుందా అన్నది మాత్రం ఆలోచించలేదు. ఆమె తీరే అంత. దాక్కునే చోటు చూసుకుంటుంది, మళ్ళీ బయటికొచ్చే దారి చూసుకోదు.

ఎదురు కిటికీకి ఆకుపచ్చ పరదా. దాని అంచు జానెడు మేర కుట్టు విడిపోయి దారం గాలికి ఊగుతోంది. ఒంటి దారంతో లాగించేశారు, చివర ముడి వెయ్యలేదు, ఇంకో రెండు ఉతుకులకి మొత్తం ఊడొస్తుంది. సంచిలో సూది ఉంది, లేచి వెళ్ళి రెండు నిమిషాల్లో మడత కుట్టెయ్యొచ్చు, ఆకుపచ్చ దారం లేదు గానీ నల్లదారం ఉంది, నల్లది పైకి కనిపిస్తుందేమో, లోపలి నుంచి కుడితే కనిపించదు... వద్దు, కూర్చో, అని తనకి తనే చెప్పుకుంది. ఒళ్ళో సంచి, సంచిలో కాగితం, కాగితం సంగతి చూడమంటే పరదా సంగతి చూస్తావేం? మొదటిసారి ఇక్కడికొచ్చినప్పుడూ ఇదే వరస. డాక్టర్ హప్సారి చిన్నపిల్ల, ముప్ఫై ఐదుకి మించి ఉండవు, మెత్తగా మాట్లాడుతుంది, ఆ పిల్ల ఏదో అడుగుతుంటే వుర్యాణి ఆమె తెల్లకోటు భుజం కుట్టు వంకర వైపే చూస్తూ, ఎడమ చెయ్యి కుడిచేతికంటే అరంగుళం కిందకి అతికారు అనుకుంటూ కూర్చుంది. “ఇప్పుడు నేనేం అడిగానో చెప్పగలరా, బూ?” అని ఆ పిల్ల నవ్వుతూ అడిగేసరికి ఒళ్ళంతా చెమటలు పట్టేశాయి. బడిలో ఆఖరి వరసలో నిలబెట్టినట్టయింది. పెద్ద వయసులో ఉన్నదాన్ని, ‘బూ’ అని గౌరవంగా పిలిపించుకునేదాన్ని, ఒక ప్రశ్న చెవిలోకి వెళ్ళి రెండో చెవి దాకా కూడా రాకుండా మధ్యలో ఎక్కడ పోయిందో నాకే తెలియదు అని ఎలా చెప్పను?

ఆ డాక్టరు పిల్లే చెప్పింది, ఇది ఒక్క పూటలో తేలే పని కాదని. ముందు రక్తం తీయించింది. మెడ దగ్గర గ్రంథి సరిగ్గా పనిచెయ్యకపోయినా బుర్ర ఇలాగే పరుగులు పెడుతుందట, నిద్ర చాలకపోయినా అంతే, లోపల దిగులు తిష్ఠ వేసుకున్నా అంతే, అవేవీ కావని తేలాక గానీ ఆ నాలుగక్షరాల పేరు ఎత్తకూడదట. ఏడీహెచ్‌డీ. వుర్యాణికి ఆ పేరు నోరు తిరగడానికి వారం పట్టింది. అది చిన్నపిల్లలకి వచ్చేది కదండీ అంటే, “చిన్నపిల్లలు పెద్దవాళ్ళవుతారు కదా బూ, దాన్ని ఎక్కడ వదిలేసి వస్తారు?” అంది. రెండోసారి వచ్చినప్పుడు కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. తెర మీద బొమ్మ వచ్చినప్పుడల్లా మీట నొక్కాలి, ఒక్క ఇంటూ గుర్తు వస్తే మాత్రం నొక్కకూడదు. ఆమె ఇంటూ గుర్తు వచ్చిన ప్రతిసారీ నొక్కేసి, ప్రతిసారీ “క్షమించండి” అంది, కంప్యూటరుకి. పక్కనున్న అమ్మాయి నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది. ఆ తర్వాత భర్త దర్సోనో నింపాల్సిన కాగితం ఒకటి ఇచ్చారు. అతను మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగి, నింపి, కవరు అంటించి మరీ తెచ్చిచ్చాడు. అందులో ఏం రాశాడో ఆమె అడగలేదు, అతను చెప్పలేదు. ఇక మిగిలింది చిన్నతనం. పన్నెండేళ్ళలోపు మీరెలా ఉండేవారో దగ్గర్నుంచి చూసినవాళ్ళు కావాలి, పాత బడి పుస్తకాలుంటే ఇంకా మంచిది, అంది డాక్టరు. ఇది పెద్దయ్యాక కొత్తగా వచ్చిపడేది కాదట, ఉంటే అప్పటి నుంచే ఉండాలట. అప్పుడు లేదనుకో? అప్పుడు లేదని తేలితే ఇప్పుడున్నది ఏమిటి? దానికి పేరు వుర్యాణికి తెలుసు. ఒళ్ళు బద్ధకం. నిర్లక్ష్యం. ఆ మాట చెప్పడానికి డాక్టరు అక్కర్లేదు, వీధిలో ఎవర్నడిగినా చెబుతారు.

పుస్తకాలు లేవండీ, సముద్రం తీసుకుపోయింది అని చెప్పింది ఆ రోజు. నమ్మదగ్గ మాటే. ఆ ఊళ్ళో ఉత్తరపు పేటల్లోకి సముద్రం నీళ్ళు పోటుకి ఎక్కి రావడం, ఇళ్ళలో మోకాలి దాకా నిలబడటం, పెళ్ళి ఫోటోలూ పొలం కాగితాలూ నాని ముద్దైపోవడం ఎవరికి తెలియదు? డాక్టరు కూడా పాపం నిజమే అన్నట్టు తలూపింది. ఇవాళేమైంది? అమ్మ కస్మిరా, డెబ్బై ఒక్కేళ్ళ ముసల్ది, మంచి రవిక తొడుక్కుని, పెళ్ళికి వెళ్తున్నట్టు తలగుడ్డ సర్దుకుని, రిక్షాలో కూతురి పక్కన కూర్చుని దారి పొడుగునా, “నీకేం భయం లేదే నోక్, నీ గురించి అంతా మంచే చెప్తాలే, ఒక్క మాట తప్పుగా దొర్లనివ్వను” అంటూ వచ్చింది. ఆ ఊళ్ళో ఆడపిల్లని ముద్దుగా నోక్ అంటారు, నలభై మూడేళ్ళొచ్చినా తల్లికి నోకే. వచ్చి డాక్టరు ముందు కూర్చుని, నడుం మూట విప్పి, పాతగుడ్డలో చుట్టిన ఆ నీలం పుస్తకాన్ని తీసి బల్ల మీద పెట్టింది. “సముద్రం పట్టుకుపోయిందన్నారే?” అంది డాక్టరు. “అదెందుకు పట్టుకుపోతుందమ్మా, నేను దూలం మీద కట్టి ఉంచితేను! మొగుడి పెట్టె పోయింది గానీ ఇది పోలేదు” అంది అమ్మ గర్వంగా. వుర్యాణికి తల కొట్టేసినట్టయింది. మీరు కాసేపు బయట కూర్చోండి బూ, అంది డాక్టరు. అంతే, తలుపు మూసుకుంది.

ఆ పుస్తకంలో ఏముందో ఈ భూమ్మీద ఒక్క వుర్యాణికే తెలుసు. ఏడాదికి మూడుసార్లు, ఆరేళ్ళు. మార్కుల కింద చిన్న గడి, అందులో టీచరు చేతిరాత. అమ్మకి చదువు రాదు. తెల్లవారుతూనే బాతిక్ షెడ్డుకి వెళ్ళి, సన్న ముక్కున్న రాగి కలంతో కరిగిన మైనం బట్టమీద పోస్తూ సాయంత్రం దాకా పీట మీద కూర్చునే మనిషి, ఆమెకి అక్షరాలతో పనేముంది. రిపోర్టు వచ్చిన రోజు మాత్రం పని ఆపి, చేతులు తుడుచుకుని, “చదువే నోక్, టీచరు ఏం రాశాడు?” అనేది. టీచరు రాసింది, కుదురు లేదు, చెప్పింది వినదు, సగం చేసి వదిలేస్తుంది, తల్లిదండ్రులు శ్రద్ధ తీసుకోవాలి అని. వుర్యాణి గడప మీద ఒంటికాలి మీద నిలబడి, పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుని, “వుర్యాణి చాలా బుద్ధిమంతురాలు. అందరికంటే ముందు చెయ్యెత్తుతుంది. పెద్దలంటే భక్తి. చేతిరాత సన్నజాజి మొగ్గలు పేర్చినట్టుంటుంది. ఈ పిల్ల మా బడికి దీపం” అని చదివేది. ఆ దీపం మాట ఆమెకి చాలా నచ్చింది, తర్వాత మూడుసార్లు మళ్ళీ వాడింది. అమ్మ మొహం విచ్చుకునేది. గోధుమరంగు అద్దకం అంటిన బొటనవేలు సంతకం గడిలో ఒత్తేది. మర్నాడు షెడ్డులో పక్క పీటల వాళ్ళకి, మా పిల్ల గురించి టీచరు ఏం రాశాడో తెలుసా, బడికి దీపమట అని చెప్పుకునేది. ముప్ఫై ఏళ్ళుగా ఆ ముసల్ది ఆ దీపాన్ని గాలి తగలకుండా అరచేతిలో పట్టుకుని తిరుగుతోంది. ఇప్పుడు నాలుగు గుమ్మాల అవతల, ఆ మెత్తటి గొంతు డాక్టరు, ఏ పాపం ఎరగని డాక్టరు, ఒక్కో గడీ అమ్మకి పైకి చదివి వినిపిస్తూ ఉంటుంది.

“కళ్ళేనా?”

ఉలిక్కిపడింది. పక్కన ఎవరో కూర్చున్నారు, ఎప్పుడు కూర్చున్నారో. తూర్పు సందులో ఉండే ముంతియా. ఒక కంటికి గాజుగుడ్డ అతికించుకుని, రెండో కంటితో ఇద్దరు చూసేంత చూస్తోంది.

“ఆ, కళ్ళే” అంది వుర్యాణి.

“నాది శుక్లం. పోయిన వారం ఒకటి తీశారు, ఇవాళ చూస్తామన్నారు. నీకెన్నాళ్ళనుంచి?”

“చిన్నప్పటినుంచీ” అనేసి నాలిక్కరుచుకుంది.

“అట్లాగా! మరి తురియా అవ్వ కుట్టుమిషను బాగుచేసినప్పుడు సన్న మరమేకు కూడా ఇట్టే పట్టుకున్నావటగా? ఆ మిషను ఇప్పటికీ భలే నడుస్తోందిలే, వీధంతా టకటకలే.” ముంతియా గాజుగుడ్డ మీద వేలుతో మెల్లగా తట్టుకుంది. “మా ఇల్లు ఆవిడ ఇంటికి నాలుగో ఇల్లు. ఆ రోజు నేను రవిక మార్చుకుని, గుమ్మంలో చాప వేసుకుని కూర్చున్నాను, వుర్యాణి వస్తుంది పిలవడానికి అని.”

వుర్యాణి సంచి పట్టీని వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ ఉండిపోయింది.

అత్తగారు పోయి వెయ్యి రోజులైనప్పటి మాట అది. ఆ వెయ్యోనాటి సాయంత్రం ఇంట్లో చాపలు పరిచి, ఇరుగుపొరుగు మగవాళ్ళందరినీ కూర్చోబెట్టి ప్రార్థన చేయించి, అన్నం పెట్టెలు చేతికిచ్చి పంపితే గానీ పోయిన మనిషికి చెయ్యాల్సింది పూర్తయినట్టు కాదు. దానికి ముందు పిలుపు. ఫోనులో చెబితే పిలుపు కాదు, దారిలో కనిపించినప్పుడు చెబితే పిలుపు కాదు. ఇంటికెళ్ళి, చెప్పులు విడిచి, వంగి, పెద్దవాళ్ళతో మాట్లాడే పద్ధతిలో నోటితో చెప్పాలి. పిలవని ఇంటివాళ్ళు, వంట వాసన ముక్కుకి తగులుతున్నా గడప దాటరు. పిలవకుండా వెళ్ళడం ఎంత తప్పో, పిలవకపోవడం అంతకంటే పెద్ద మాట, మీతో మాకు లేదు అని చెప్పినట్టు. దర్సోనో పడమటి సందు తాను తీసుకుని, తూర్పు సందు ఇరవై రెండిళ్ళూ భార్యకి అప్పగించాడు. పొద్దున్నే బయల్దేరింది. మొదటిల్లు అయింది, రెండోదైంది. మూడో ఇంట్లో తురియా అవ్వ మిషను ముందు కూర్చుని కళ్ళు తుడుచుకుంటోంది, పట్టీ తెగిందట, రేపు మనవరాలి బడి గౌను ఇవ్వాలట. అయ్యో, ఒక్క నిమిషం అవ్వా అని కూర్చుంది వుర్యాణి. పట్టీ వేసింది. వేస్తే లోపల చక్రం వంగి ఉంది. చక్రం సరిచేస్తే నూనె ఎండిపోయి ఉంది. మిషనంతా విప్పి, ఒక్కో ముక్కా తుడిచి, కిరసనాయిలులో నానబెట్టి, మళ్ళీ బిగించి, ఆ మొదటి టకటక వినేసరికి ఎంత ఆనందమో, లోకంలో ఇంకేమీ లేదు, ఇళ్ళు లేవు, సందు లేదు, అత్తగారు లేరు. మధ్యాహ్నం ఇంటికొచ్చింది చేతుల నిండా నూనెతో, నవ్వు మొహంతో. తూర్పు సందు అయిందా అని దర్సోనో అడిగాడు. అయింది అంది. అబద్ధం చెబుదామని కాదు. ఆ సందులో పొద్దుటి నుంచీ ఉంది కదా, అలిసిపోయింది కదా, పని అయిన తృప్తి ఒంట్లో ఉంది కదా, అయిందనే అనుకుంది. ఆ ‘అయింది’ ఎక్కడి నుంచి ఊడిపడిందో ఇప్పటికీ ఆమెకి అంతుపట్టదు. సాయంత్రం పడమటి వైపు చాపలు నిండాయి. తూర్పు వైపు, పిలుపందిన రెండిళ్ళవాళ్ళు ఓ మూల కూర్చోగా, మిగతా చాపలు నున్నగా, ఒక్క మడతైనా పడకుండా ఉండిపోయాయి. ప్రార్థన చదివే పెద్దాయన రెండుసార్లు గొంతు సవరించుకుని, గుమ్మం వైపు చూసి, ఇక మొదలుపెట్టేశాడు. దర్సోనో ఆ ఖాళీ చాపల ఎదురుగానే కూర్చున్నాడు, చేతులు పైకెత్తి, కళ్ళు మూసుకోకుండా. అందరూ వెళ్ళాక ఆమె మీద కేకలెయ్యలేదు. “అమ్మకి చేసింది కదే ఇది, అమ్మకి” అన్నాడు, అంతే. కేకలేసుంటే బాగుండేది.

“వినబడిందిలే ప్రార్థన” అంటోంది పక్కన ముంతియా. “మా గుమ్మం దాకా చక్కగా వినబడింది. మా ఆయనా నేనూ గుమ్మంలోనే కూర్చుని ఆమీన్ అన్నాం. మీ అత్తగారు మంచి మనిషి. మేం చేసిన తప్పేంటో మాత్రం మాకు తెలీలేదు.”

“మీరేం తప్పు చెయ్యలేదు అక్కా.”

“మరి?”

మరి? ఆ ‘మరి’కి జవాబు తెలిస్తే వుర్యాణి ఇక్కడ కూర్చునేదా? తలనొప్పని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళి, అక్కడి డాక్టరు ముందు ఈ మరి గురించే గుక్కపెట్టి ఏడ్చి, ఆయన రాసిచ్చిన చీటీని నాలుగు మడతలు పెట్టి రవికలో దాచుకుని ఇక్కడికొచ్చింది. చెప్పేద్దామనుకుంది. దానికి బదులు సంచిలోంచి కాగితం తీసి, ఏదో పని ఉన్నట్టు దానివైపు చూసింది. ఇవాళ ఇచ్చెయ్యాల్సిన కాగితమే అది, పద్దెనిమిది ప్రశ్నలు, ఒక్కోదాని ఎదురుగా ఐదు గడులు, ఎప్పుడూ లేదు, అరుదుగా, అప్పుడప్పుడు, తరచుగా, చాలా తరచుగా. నాలుగు రోజుల క్రితం వంటింట్లో కూర్చుని నింపింది. మొదలుపెట్టిన పని చివర్లో వదిలేస్తారా? నీలం బట్టతో రెండు, గులాబి బట్టతో మూడు, చేతులు కుట్టాల్సిన రవికలు అలమారా అడుగున తనని చూస్తూ ఉండగా, అప్పుడప్పుడు అని గుర్తు పెట్టింది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మనసు ఎటో పోతుందా? అరుదుగా. మాటిచ్చిన పనులు మరిచిపోతారా? దీని దగ్గర కలం కాసేపు ఆగింది. నున్నటి చాపలు కళ్ళముందు కదిలాయి. అప్పుడప్పుడు. డాక్టరు చెప్పనే చెప్పింది, ఇందులో పాసూ ఫెయిలూ లేవు బూ, ఉన్నది ఉన్నట్టు రాయండి, ఆ పేరు మీకు సరిపోదని తేలినా మీ ఇబ్బంది ఇబ్బందే, దాన్ని వదిలెయ్యం అని. విన్నది, తలూపింది, ఇంటికొచ్చి బడికి దీపంలా నింపుకొచ్చింది. కాగితం వైపు చూస్తూ ఉంటే ఆ గుర్తులన్నీ ఒక తీరుగా, పొందికగా, మంచి ఇంటి ఇల్లాలు పెట్టిన ముగ్గులా కనిపించాయి. గడప మీద ఒంటికాలి మీద నిలబడి చదివిన పిల్ల నలభై మూడేళ్ళొచ్చినా ఇంకా కాలు మార్చుకోలేదు. పుస్తకం అడ్డం పెట్టుకునే ఉంది.

లోపల అమ్మ ఏం చెబుతూ ఉంటుంది? అంతా మంచే చెబుతానంది. చెప్పిందనుకో, మా నోక్ బంగారం, చిన్నప్పుడు చెప్పిన మాట జవదాటేది కాదు అని చెప్పిందనుకో. పెద్దచదువు చదివిన మనిషి ముందు ఇంటి గుట్టు విప్పడం ఆ తరం ఆడవాళ్ళకి చేతకాదు, సంబంధానికి వచ్చినవాళ్ళ ముందు కూర్చున్నట్టే కూర్చుంటుంది అమ్మ, పిల్ల వంకరపళ్ళు కూడా ముత్యాలని చెబుతుంది. అప్పుడు డాక్టరు చిన్నతనంలో ఏమీ లేదు అని రాసుకుంటుంది. లేదూ, డాక్టరు ఆ గడులు చదివి వినిపించిందనుకో, అమ్మ మొహం... వుర్యాణి కుడిమోచేతి మీద మచ్చని రాసుకుంది. అలవాటు. మైనం మచ్చ అది, నాలుగేళ్ళప్పుడు పరుగెత్తుకొచ్చి పొయ్యి మీద మైనం మూకుడు తన్నేసింది, మడత పడిన బట్టలా తెల్లగా ముడుచుకుపోయింది చర్మం. ఆ రోజు షెడ్డు యజమానురాలు, ఈ కోతిని ఇంకోసారి తెస్తే నీకు పని లేదు అంది. మర్నాటి నుంచి ఏమైందో వుర్యాణికి సరిగ్గా గుర్తులేదు. గుర్తున్నదల్లా మైనం వాసన, బట్టల వెనక నుంచి వడకట్టినట్టు పడే వెలుతురు, కాలికి చుట్టుకుని మెత్తగా ఏదో. పరదా దారం ఇంకా ఊగుతోంది.

తలుపు తెరుచుకున్న చప్పుడైంది. అమ్మ బయటికొచ్చి, జివా బోర్డు కింద బెంచీ ఖాళీగా ఉండటం చూసి, ఇటూ అటూ చూసి, కంటి విభాగం ముందు కూతుర్ని కనిపెట్టి, నెమ్మదిగా నడిచొచ్చింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పుస్తకం చంకలో ఉంది. వుర్యాణి లేచి నిలబడింది, నిలబడ్డాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

“కస్మిరక్కా! నువ్వూ కళ్ళకేనా?” అంది ముంతియా.

“నా కళ్ళకేం? సూదిలో దారం ఎక్కిస్తా కావాలంటే. దీనికోసం వచ్చాం, ఆ గదికి” అని అమ్మ ఆ గది వైపు చెయ్యి చాపి చూపించింది, పక్కింటి గుమ్మం చూపించినంత తేలిగ్గా.

ముంతియా ఒంటికన్ను బోర్డు దాకా వెళ్ళి వచ్చింది. వుర్యాణి మొహం మీద ఆగింది. ఏమనబోయిందో గానీ, కంటి గదిలోంచి ముంతియా పేరు పిలిచారు. లేచి, రెండడుగులు వేసి, వెనక్కి తిరిగి, “నేను అడిగిన ‘మరి’కి జవాబు అదేనా?” అంది. వుర్యాణి తలూపింది. సిగ్గుతో చెవులు మండిపోతున్నాయి. ముంతియా లోపలికెళ్ళింది.

అమ్మ కూర్చుంది. నడుం మూటలోంచి అరిటాకు పొట్లం తీసి విప్పి, కొబ్బరీ పనసకాయ తురుమూ కలిపిన అన్నం ఒక ముద్ద తీసి కూతురి చేతిలో పెట్టింది. “తిను. పొద్దున్న తినడం మర్చిపోయావు కదా.”

“చదివి వినిపించిందా అమ్మా?”

“చదివింది. అన్నీ చదివింది.”

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. “అమ్మా, నేను...”

“నాకు చదువు రాదు గానీ లెక్క రాదా ఏమే?” అంది అమ్మ. “బట్ట మీద ఎన్ని వరుసల చుక్కలు పెడితే ఎంత జాగా నిండుతుందో యాభై ఏళ్ళు చూసినదాన్ని. ఆ గడిలో టీచరు రాసింది రెండు వరుసలు. నువ్వు చదివేది ఎంతసేపు? పొయ్యి మీద మైనం కరిగేంతసేపు! రెండు వరుసల రాతలోంచి అంత మాట ఎట్లా వస్తుందే?”

“మరి ఎందుకు అడగలేదు?”

“ఎందుకు అడుగుతాను? రోజు మొత్తంలో నువ్వు ఒకచోట నిలబడేది అప్పుడొక్కటే. ఒంటికాలి మీదైనా నిలబడేదానివి. కొంగలా. నేను చూసుకునేదాన్ని.” అమ్మ వేళ్ళ చివర మైనం కాలిన పాత మచ్చలు, వాటితో అరిటాకు అంచుని మడతపెడుతూ ఉంది. “షెడ్డులో చెప్పుకున్నది టీచరు రాసింది కాదులే. నువ్వు చదివింది.”

అమ్మ పుస్తకాన్ని చంకలోంచి ఒళ్ళోకి మార్చుకుంది. తర్వాత గొంతు తగ్గించి, పరదా వైపు చూస్తూ, “డాక్టరమ్మకి మంచే చెబుదామని వెళ్ళాను. ఆవిడ ఆ రాతలు చదువుతుంటే, టీచరుకి తెలిసినంత కూడా నేను చెప్పకపోతే ఎట్లా అనిపించింది. చెప్పేశా. నీ కాలికి గుడ్డ కట్టి, బట్టలారేసే చట్రం గుంజకి కట్టేసేదాన్నని. పిల్లల్ని ఎత్తుకునే గుడ్డతోనే. మూకుడు తన్నిన తర్వాత. బడిలో వేసేదాకా రెండేళ్ళు. మిగతావాళ్ళ పిల్లలు పీట పక్కన కూర్చునేవాళ్ళు, నా పిల్ల ఒక్కతే... నాకే పెంచడం చేతకాలేదనుకున్నానే. ఎవ్వరితోనూ అనలేదు ఈ మాట, మీ నాన్నతో కూడా. ఆవిడ నన్ను తిడుతుందనుకున్నా. తిట్టలేదు. రాసుకుంది.”

కాలికి చుట్టుకున్న మెత్తటిదేదో ఇప్పుడు వుర్యాణికి తెలిసింది. కోపం వస్తుందేమోనని లోపల వెతికి చూసుకుంది, దొరకలేదు. ఇద్దరూ ఇన్నేళ్ళు ఒకే ఊళ్ళో, ఒకళ్ళ వెనక ఒకళ్ళు, ఒకళ్ళు పుస్తకం, ఒకళ్ళు గుడ్డ అడ్డం పెట్టుకుని తిరిగారు. అన్నం ముద్ద నోట్లో పెట్టుకుంది.

“ఏమంది డాక్టరు? నాకు అదేనా?”

“ఇవాళ చెప్పదట. నీతో ఇంకా మాట్లాడాలట, అన్నీ కలిపి చూసుకుని రెండు వారాలకి రమ్మంది. ఏదో కాగితం ఇవ్వాలటగా నువ్వు?” అమ్మ కూతురి ఒళ్ళోకి చూసింది. “అదేనా? ఏముంది అందులో? చదువు.”

ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ మాట. చదువు. వుర్యాణి కాగితం మోకాళ్ళ మీద పరిచింది. వరండాలో జనం అటూ ఇటూ నడుస్తున్నారు, ఎవరో చంటిపిల్ల ఏడుస్తోంది, కంటి విభాగం తలుపు ఏ క్షణమైనా తెరుచుకుంటుంది. లేచి, అమ్మ చెయ్యి పట్టుకుని, నాలుగు గుమ్మాలు వెనక్కి నడిచి, జివా బోర్డు కింద బెంచీ మీద కూర్చుంది. కూర్చుని పైకే చదివింది. “మొదలుపెట్టిన పని చివర్లో వదిలేస్తారా?”

అమ్మ వేలు ఆ వరుస మీద పెట్టింది. “ఏం పెట్టావు?”

“అప్పుడప్పుడు అని.”

అమ్మ వేలు తియ్యలేదు. వుర్యాణి సంచిలో చెయ్యిపెట్టి కలం వెతికింది, సూది గుచ్చుకుంది, కలం దొరికింది. పాత గుర్తు కొట్టేసి చిట్టచివరి గడిలో కొత్తది పెట్టింది. అక్షరాలు రాని వేలు ఒక వరుస కిందకి జరిగి ఆగింది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే. చిట్టచివరి గడి. మాటిచ్చిన పనులు. కలం ఈసారి ఆగలేదు, గీత వంకరగా పోయింది. ఒక్కో కొట్టివేతకీ మొహం వేడెక్కుతూనే ఉంది. అది చల్లారలేదు, ఇవాళే చల్లారేదీ కాదు. ఆ పొందికైన ముగ్గంతా చెరిగిపోయి కాగితం బాతిక్ షెడ్డు నేలలా మరకలు మరకలుగా తయారైంది. కొన్ని ప్రశ్నల దగ్గర, ఇది మాత్రం నిజంగానే అరుదుగా అమ్మా అని పాత గుర్తు అలాగే ఉంచింది, అమ్మ దానికీ తలూపింది.

“బూ వుర్యాణి! జివా విభాగం!” నర్సు గుమ్మంలో నిలబడి, వరండా ఆ చివర దాకా వినబడేలా కేకేసింది. కళ్ళవాళ్ళు, పళ్ళవాళ్ళు, అందరి తలలూ తిరిగాయి. కంటి గది తలుపు దగ్గర ముంతియా కూడా నిలబడి ఉంది, కొత్త గాజుగుడ్డతో.

వుర్యాణి చెయ్యి పైకెత్తింది. “ఇక్కడే ఉన్నానమ్మా. ఇంకా నాలుగు వరుసలున్నాయి.”

అమ్మ వేలు పదిహేనో వరుస మీద ఉంది. వుర్యాణి ఆ వరుస చదివింది, అందులో ఎంతుందో అంతే.